తప్పుడు తీర్పుతో జైలుకెళ్లినవాళ్ల కేసులు తిరగదోడే ప్రభుత్వ కమిషన్ మనకెందుకు లేదు?

వ్యాసర్‌పాడి_వాసి | ఆదివారం, ఉదయం 8:50

అందరికీ నమస్కారం. చెన్నైలో ఉండే మన తెలుగువాళ్లలో కోర్టుల సంగతి తెలిసినవాళ్లు ఉంటారని ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా మేనమామది వెంకటగిరి. ఇక్కడ ఒక గోడౌన్‌లో నైట్ వాచ్‌మన్‌గా చేసేవాడు. ఒక రాత్రి ఆ పక్క సందులో ఎవరినో చంపేశారు. మూడో రోజు మామను స్టేషన్‌కి రమ్మన్నారు. "ఏదో అడుగుతారంట, మధ్యాహ్నానికి వచ్చేస్తా, అన్నం ఉంచు" అని అత్తకు చెప్పి వెళ్లినవాడు ఆరేళ్ల నాలుగు నెలలకు ఇంటికొచ్చాడు.

మామకు తమిళం మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. నాలుగు పేజీల తమిళ వాంగ్మూలం కింద ఆయన తెలుగు సంతకం ఉంది. ఇనుప రాడ్డు దాచిన చోటు తనే చూపిస్తానన్నట్టు అందులో రాశారు. రాడ్డు దొరికినప్పుడు పక్కనే ఉన్నామని ఇద్దరు మహజరులో, అంటే వస్తువు స్వాధీనం చేసుకున్నట్టు రాసే కాగితంలో, సంతకాలు పెట్టారు. సెషన్స్ కోర్టు యావజ్జీవం వేసింది. ఆ ఇద్దరిలో ఒకతను అదే స్టేషన్‌వి ఇంకో నాలుగు కేసుల్లో కూడా సాక్షేనని హైకోర్టులో బయటపడింది. శిక్ష కొట్టేశారు.

విడుదల రోజు నేనే వెళ్లాను. ఆయన వస్తువులని ఒక కవరు చేతికిచ్చారు. అందులో పాత పర్సు, పర్సులో లోకల్ ట్రైన్ సీజన్ టికెట్టు. దాని గడువు ఆరేళ్ల కిందటే అయిపోయింది. మామ పారేయలేదు, ఇప్పటికీ దేవుడి పటం వెనక పెట్టుకున్నాడు. ఆటోలో వస్తూ ఒకటే అడిగాడు: "నేను చేయలేదని కోర్టు చెప్పింది కదా, మరి ఇదంతా ఎట్లా జరిగిందో ఎవరు కనుక్కుంటార్రా?"

ఇంగ్లండ్‌లో ఇలాంటి కేసుల కోసమే ఒక ప్రభుత్వ కమిషన్ ఉందని చదివాను. మనకూ అలాంటిది కావాలని నా అభిప్రాయం. తెలిసినవాళ్లు చెప్పండి.

ప్యారిస్_లాయర్ | ఆదివారం, ఉదయం 10:15

మీ మామయ్యగారు అడిగిన ప్రశ్నకు మన చట్టంలో జవాబు లేదు తమ్ముడూ. 18 ఏళ్లుగా హైకోర్టులో క్రిమినల్ అప్పీళ్లు చూస్తున్నాను, చాలావరకు లీగల్ ఎయిడ్‌వే.

అప్పీలంటే కేసు మళ్లీ మొదటినుంచి విచారిస్తారని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. కింది కోర్టులో పెట్టిన కాగితాల కట్టనే మళ్లీ చదువుతారు. పోలీసులు పట్టుకుని వదిలేసిన ఇంకో అనుమానితుడు, ల్యాబ్‌కి పంపని శాంపిల్, ఎవరూ అడగని సీసీటీవీ, ఇవేవీ ఆ కట్టలో ఉండవు. కొత్త సాక్ష్యం తీసుకునే అధికారం అప్పీలు కోర్టుకు ఉంది. కానీ అలాంటి సాక్ష్యం ఒకటి ఉందని ముందు ఎవరో ఒకరు కనిపెట్టాలి. జైల్లో ఉన్నవాడు కనిపెట్టలేడు. లీగల్ ఎయిడ్ ఫీజుతో నేను ఊళ్లు తిరిగి సాక్షులను వెతకలేను.

ఇంగ్లండ్ సంగతి అడిగారు కాబట్టి చెప్తాను. 1974లో బర్మింగ్‌హామ్‌లో రెండు పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది చనిపోయారు. ఆరుగురు ఐరిష్‌వాళ్లకు 1975లో యావజ్జీవం పడింది. కొట్టి రాయించుకున్న ఒప్పుకోళ్లు, చేతులకు పేలుడు పదార్థం అంటిందన్న ల్యాబ్ పరీక్ష, ఇవే ఆధారం. రెండూ నిలబడేవి కావని తేలి 1991 మార్చిలో విడుదలయ్యేసరికి 16 ఏళ్లు గడిచాయి. అప్పటిదాకా పాత కేసును మళ్లీ కోర్టుకు పంపాలంటే హోంమంత్రి దయతలచాలి. పోలీసుశాఖను నడిపే మంత్రే పోలీసుల తప్పు వెతకాలన్నమాట. వాళ్లు విడుదలైన రోజే ప్రభుత్వం రాయల్ కమిషన్ అనే విచారణ సంఘాన్ని ప్రకటించింది, దాని సిఫారసు మీద 1995లో చట్టం వచ్చింది, 1997లో క్రిమినల్ కేసెస్ రివ్యూ కమిషన్ పని మొదలుపెట్టింది.

తీర్పు మార్చే అధికారం దానికి లేదు. కేసు తవ్వి, మళ్లీ వినమని అప్పీలు కోర్టుకు పంపుతుంది, కోర్టు వినితీరాలి. ఇప్పటికి 800కు పైగా కేసులు అలా పంపింది. పోలీసులు, ఆసుపత్రులు, ల్యాబులు ఎవరి దగ్గర ఏ ఫైలున్నా తెప్పించుకోగలదు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఈ అధికారమే.

ఓఎంఆర్_నెల్లూరు | ఆదివారం, ఉదయం 10:40

మనకు మానవ హక్కుల కమిషన్ ఉంది కదా మేడమ్? దానికే ఈ పని అప్పగిస్తే సరిపోదా?

ప్యారిస్_లాయర్ | ఆదివారం, ఉదయం 11:05

సరిపోదు. సంఘటన జరిగి ఏడాది దాటితే ఆ కమిషన్ విచారణ చేపట్టకూడదని దాని చట్టంలోనే, 36వ సెక్షన్‌లో ఉంది. శిక్ష పడటానికే ఐదారేళ్లు పడుతుంటే ఈ ఏడాది గడువు ఏ మూలకు? పైగా అది చేసేది సిఫారసు. కోర్టు తీర్పును మళ్లీ వినిపించే దారి దానికి లేదు.

కృష్ణలంక_టు_అడయార్ | ఆదివారం, మధ్యాహ్నం 12:30

మా బెజవాడ దగ్గర జరిగింది ఎవరైనా గుర్తు చేస్తారేమోనని చూస్తున్నా. పేర్లు రాయను, అందరికీ తెలుసు. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నంలోని హాస్టల్లో బీఫార్మసీ చదివే అమ్మాయిని చంపారు. 2008లో ఒక కుర్రాణ్ణి అరెస్టు చేశారు. నరాల జబ్బుతో కాళ్లు చచ్చుబడి అతను లేచి నడవలేని స్థితికి వచ్చాడు, టీవీల్లో ఆ దృశ్యాలు చూశాం. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అంది, లక్ష రూపాయలు పరిహారం ఇవ్వమంది.

నన్ను కదిలించేది ఇంకోటి. ఆ అమ్మాయి తల్లిదండ్రులు మొదట్నుంచీ "ఇతను కాదు, అసలువాళ్లు వేరే" అనే చెప్తున్నారు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లే కాదంటుంటే ఆ మాట వినే చోటు ప్రభుత్వంలో ఒక్కటి లేకపోయింది. తర్వాత 2018లో హైకోర్టు సీబీఐకి ఇచ్చింది, 2019లో మృతదేహాన్ని వెలికితీసి మళ్లీ పరీక్ష చేశారు. 12 ఏళ్ల తర్వాత! వాళ్లు మొదటిసారి నోరు విప్పినప్పుడే ఒక కమిషన్ వెళ్లి కూర్చుని విని ఉంటే?

పల్లావరం_రిటైర్డ్ | ఆదివారం, మధ్యాహ్నం 2:10

నేను 33 ఏళ్లు పోలీసుశాఖలో చేశాను, ఆంధ్రాలో. ఇప్పుడు కొడుకు దగ్గర పల్లావరంలో ఉంటున్నా. మామయ్యగారి విషయం చదివి బాధపడ్డాను. ఆ స్టాక్ సాక్షి, అంటే ఒకే స్టేషన్‌కి కేసు తర్వాత కేసులో సంతకం పెట్టేవాడు, ఎలా పుడతాడో చెప్తాను, ఎందుకంటే లోపల ఉన్నవాళ్లు చెప్పకపోతే బయటికి తెలియదు.

పంచనామాకు, అంటే ఆ మహజరు రాసేటప్పుడు సాక్షిగా, రమ్మంటే మామూలు జనం రారు. వస్తే ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగాలి, ఆ రోజు కూలి పోతుంది, ముద్దాయి తరఫువాళ్ల బెదిరింపులు వేరే. అందుకని స్టేషన్ ఎదురు టీకొట్టు అబ్బాయినో, ఆటోస్టాండ్‌లో తెలిసినవాణ్ణో పిలుస్తాం. "మనోడే, సంతకం పెడతాడు." మొదట అవసరం, తర్వాత అలవాటు. అతను ఆ చోటుకు రాకపోయినా కాగితం తయారవుతుంది. "ముద్దాయి ఇతనే" అని మనసులో గట్టిగా నమ్మినప్పుడు కాగితం కాస్త సర్దితే తప్పేముంది అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఒక కేసు విషయంలో నేను చేసింది సరైనదేనా అని ఇప్పటికీ నిద్ర పట్టదు. అది ఇక్కడ రాయలేను, క్షమించండి.

2024 జులై నుంచి కొత్త చట్టం ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి. అది నిజంగా అమలైతే సగం స్టాక్ సాక్షులు పోతారు. ఇక కమిషన్ విషయంలో నా భయం ఒకటే. అందులో మాలాంటి రిటైర్డ్ ఆఫీసర్లను, రిటైర్డ్ జడ్జీలను మాత్రమే కూర్చోబెడితే, అయిదేళ్లు బంగళా, కారు తప్ప ఏమీ రాదు. ఊళ్లు తిరిగి పని చేసే వయసున్న దర్యాప్తు అధికారులు ఉండాలి. వాళ్ల ప్రమోషన్ పోలీసుశాఖ చేతిలో ఉండకూడదు.

వ్యాసర్‌పాడి_వాసి | ఆదివారం, మధ్యాహ్నం 2:45

సార్, మీరు ఇంత ఓపెన్‌గా రాసినందుకు మా మామ తరఫున దండం. మీ పోస్టు ఆయనకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ టీకొట్టు అబ్బాయి కూడా పేదోడే అయ్యుంటాడు" అన్నాడు.

పెరంబూర్_టీచర్ | ఆదివారం, సాయంత్రం 4:20

రాయాలా వద్దా అని పొద్దున్నుంచీ ఆలోచించాను. నేను రెండో వైపు మనిషిని. మా తమ్ముణ్ణి చంపేశారు, తొమ్మిదేళ్లయింది. కింది కోర్టులో ఇద్దరికి శిక్ష పడింది. పోయినేడు పైకోర్టులో ఇద్దరూ విడుదల. "సాక్ష్యాల గొలుసు పూర్తిగా లేదు" అన్నారు. వాళ్లే చంపారా, కాదా? నాకు తెలియదు. తొమ్మిదేళ్లు వాళ్లనే ద్వేషించాను. వాళ్లు కాకపోతే నా ద్వేషం ఎవరిమీద పెట్టుకోవాలి? వాళ్లే అయితే ఎవరి తప్పు వల్ల తప్పించుకున్నారు?

ఇక్కడ అందరూ విడుదలైనవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. తప్పనను. కానీ 2017లో మన చెన్నైలో ఏడేళ్ల పాపను చంపిన కేసు గుర్తుందా? 2018లో ఉరిశిక్ష, హైకోర్టు కూడా ఖాయం చేసింది, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు విడుదల చేసింది. ఆ తల్లిదండ్రులకు ఇప్పుడు ఎవరు ఏం చెప్పారు? మీరు అడిగే కమిషన్ మా ఇంటి తలుపు కూడా తట్టేదైతే నేను మీతో ఉంటాను.

ప్యారిస్_లాయర్ | ఆదివారం, సాయంత్రం 5:30

టీచరుగారూ, ఇది మీరు రాయాల్సిన మాటే. మేం లాయర్లం కూడా మిమ్మల్ని తరచూ మర్చిపోతాం.

మహారాష్ట్రలో ఒక సంచార తెగకు చెందిన ఆరుగురికి 2009లో సుప్రీంకోర్టే ఉరి ఖరారు చేసింది. అదే కోర్టు 2019 మార్చిలో తీర్పు వెనక్కి తీసుకుని ఆరుగురూ నిర్దోషులని చెప్పి, మనిషికి 5 లక్షలు ఇవ్వమంది. ఎందుకో తెలుసా? కళ్లారా చూసిన బాధితురాలు మొదట్లోనే పోలీసుల ఫొటోల్లో వేరే నలుగురిని గుర్తుపట్టింది. ఆ నలుగురి జోలికి ఎవరూ వెళ్లలేదు. తప్పుడు మనిషి దొరికిన రోజునే అసలు మనిషిని వెతకడం ఆగిపోతుంది. అందుకే మీ తలుపు తట్టడం కమిషన్ పనిలో భాగమే కావాలి. కేసు తెరిచినప్పుడు, ముగించినప్పుడు బాధిత కుటుంబానికి వివరంగా చెప్పి తీరాలని చట్టంలో రాయాలి.

పెరంబూర్_టీచర్ | ఆదివారం, సాయంత్రం 5:50

అలా రాస్తే నా సంతకం మొదటిది.

ల్యాబ్_తిరువాన్మియూర్ | ఆదివారం, రాత్రి 8:15

నేను డీఎన్‌ఏ పరీక్షల రంగంలో ఉన్నాను, ప్రైవేటులో. తేని జిల్లా సురుళి జలపాతం దగ్గర 2011లో జరిగిన జంట హత్య కేసు చదవండి. ఉరిశిక్ష పడ్డ మనిషిని 2025 జులైలో సుప్రీంకోర్టు నిర్దోషిగా వదిలేసింది. శాంపిళ్లు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్లాయో లెక్కలు సరిగా లేవు. అదే తీర్పులో దేశమంతటికీ నిబంధనలు పెట్టారు: సేకరించిన 48 గంటల్లోగా డీఎన్‌ఏ శాంపిల్ ల్యాబ్‌కి చేరాలి, చేతులు మారిన ప్రతిసారీ రిజిస్టర్‌లో రాయాలి.

మా పనిలో సీలు సరిగా లేని ప్యాకెట్టు వస్తే నేను ముట్టుకోను, ఫొటో తీసి వెనక్కి పంపుతాను. పదేళ్ల తర్వాత ఒక గుడ్డముక్క మీద పరీక్ష చేయొచ్చు, సమస్య లేదు. తేమ తగలకుండా, కాగితం కవర్లో ఉంచితే చాలు. ప్లాస్టిక్ కవర్లో వేసి వేడి గదిలో పడేస్తే బూజు పట్టి ఏమీ మిగలదు. కాబట్టి కమిషన్ పెట్టడం ఒక ఎత్తు, అది పరీక్షించడానికి వస్తువులంటూ మిగలడం ఇంకో ఎత్తు.

ప్యారిస్_లాయర్ | ఆదివారం, రాత్రి 8:40

ఈ పాయింట్ అందరూ గమనించండి. మన తీర్పుల చివరి పేజీలో ఒక లైను ఉంటుంది: అప్పీలు గడువు అయ్యాక ఫలానా ఎంవోలను, అంటే కోర్టులో చూపించిన వస్తువులను, నాశనం చేయాలని. శిక్ష పదేళ్లు అనుభవించాక ఒకడికి డీఎన్‌ఏ పరీక్ష అడిగే అవకాశం వచ్చినా, రక్తం మరకల చొక్కా అప్పటికే కాల్చేసి ఉంటారు. మనిషి జైల్లో ఉన్నంతకాలం ఆ వస్తువులు ఉంచాలి. కొత్త కమిషన్ రాకముందే చేయగలిగిన పని ఇది.

ఓఎంఆర్_నెల్లూరు | ఆదివారం, రాత్రి 10:20

పొద్దున తేలిగ్గా అడిగేశాను, తర్వాత కూర్చుని చదివాను. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తాను కాబట్టి బ్రిటన్ పోస్టాఫీసు కేసు నన్ను పట్టేసింది. హొరైజన్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లెక్కల్లో లేని లోటు చూపిస్తే, బ్రాంచీలు నడిపేవాళ్లే డబ్బు తిన్నారని 900 మందికి పైగా శిక్షించారు. కంప్యూటర్ చెప్పింది కాబట్టి నిజమే అనుకున్నారు. ఆ కమిషన్ పంపిన కేసుల్లోనే 2021 ఏప్రిల్‌లో ఒకే రోజు 39 మంది శిక్షలు రద్దయ్యాయి. చివరికి 2024లో పార్లమెంటే చట్టం చేసి మిగతావాటిని కొట్టేసింది.

మన దగ్గర ఇప్పుడు టవర్ లొకేషన్, కాల్ డేటా, యూపీఐ లాగ్ లేని కేసు లేదు. లాగ్‌లో టైమ్ జోన్ తప్పు పడితే ఐదున్నర గంటల తేడా వస్తుంది, నేను రోజూ చూసే బగ్ అది. దానివల్ల ఒక మనిషి హత్యాస్థలంలో ఉన్నట్టు తేలితే? కమిషన్‌లో మాలాంటివాళ్లు కూడా ఉండాలి.

పూందమల్లి_పాత_కాపు | సోమవారం, ఉదయం 6:30

నేను పుట్టింది ఇక్కడే, మద్రాసు అన్నప్పటినుంచీ ఉన్నాను. రాజీవ్ గాంధీ హత్య కేసు మా పూందమల్లి కోర్టులోనే నడిచింది. పేరరివాళన్‌కు ఉరి పడటానికి ముఖ్యమైన ఆధారం టాడా అనే అప్పటి ఉగ్రవాద నిరోధక చట్టం కింద రాసుకున్న వాంగ్మూలం. బెల్టు బాంబుకు వాడిన బ్యాటరీలు అతను కొన్నాడని. ఆ వాంగ్మూలం రాసుకున్న సీబీఐ అధికారి త్యాగరాజన్ 2013లో ఏం చెప్పారు? అవి దేనికో తనకు తెలియదని అతను అన్న మాటను తాను రాయలేదని. 22 ఏళ్లకు! సుప్రీంకోర్టు అతన్ని నిర్దోషి అనలేదు, 2022 మేలో రాజ్యాంగం 142వ అధికరణం తనకిచ్చిన ప్రత్యేక అధికారంతో విడుదల చేసింది, ఆ తేడా నాకు తెలుసు. కానీ ఆ అధికారి ఆ మాట చెప్పాలనిపించిన రోజు వెళ్లి చెప్పడానికి ఒక ఆఫీసు లేదు, టీవీ కెమెరా ముందు చెప్పాల్సి వచ్చింది. కమిషన్ ఉంటే పల్లావరం సార్ లాంటివాళ్లు కూడా మనసులో ఉన్నది అక్కడ చెప్పుకోగలరు.

పల్లావరం_రిటైర్డ్ | సోమవారం, ఉదయం 7:15

మీరన్నది నిజమే బాబాయ్ గారూ. పేరు బయటికి రాదన్న హామీ చట్టంలో ఉంటే చాలామంది వస్తారు. నేను వస్తాను.

గూడూరు_ఎక్స్‌ప్యాట్ | సోమవారం, మధ్యాహ్నం 1:00

నేను ఇంగ్లండ్‌లో ఎనిమిదేళ్లు ఉండి వచ్చాను. అక్కడి కమిషన్ గురించి రెండో వైపు కూడా చెప్పాలి. ఆండ్రూ మాల్కిన్సన్ అనే ఆయనకు 2004లో చేయని నేరానికి శిక్ష పడింది, 17 ఏళ్లు జైల్లో ఉన్నాడు. వేరే మగవాడి డీఎన్‌ఏ ఉన్న సంగతి 2007 నుంచే అధికారులకు తెలుసు. అయినా కమిషన్ అతని దరఖాస్తు రెండుసార్లు తిప్పి పంపింది. పరీక్షలు చేయించి దారి తెరిచింది ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ. 2023లో శిక్ష రద్దయ్యాక కమిషన్ మీద దుమారం లేచి, 2025 జనవరిలో చైర్‌పర్సన్ రాజీనామా చేశారు.

కారణం ఏమిటంటే, అప్పీలు కోర్టు శిక్ష రద్దు చేసే అవకాశం నిజంగా ఉందనిపిస్తేనే వాళ్లు కేసు పంపాలి. అందుకని కోర్టు ఏమంటుందో ముందే ఊహించుకుని వెనకాడటం మొదలుపెట్టారు. మనం రాసుకునేటప్పుడు ఈ గీత తగ్గించి గీయాలి. కొత్త విషయం ఉంటే పంపాలి, నమ్మడం నమ్మకపోవడం కోర్టు చూసుకుంటుంది.

కృష్ణలంక_టు_అడయార్ | సోమవారం, మధ్యాహ్నం 1:40

మేడమ్, దీన్ని ఢిల్లీ చేయాలా, తమిళనాడు తనంతట తాను చేయగలదా?

ప్యారిస్_లాయర్ | సోమవారం, రాత్రి 9:10

క్రిమినల్ ప్రొసీజర్ ఉమ్మడి జాబితాలో ఉంది. రాష్ట్రం చట్టం చేయొచ్చు, కేంద్ర చట్టంతో పేచీ వచ్చేచోట రాష్ట్రపతి ఆమోదం కావాలి. పేచీ తప్పకుండా వస్తుంది, ఎందుకంటే ఒకసారి సంతకం పెట్టిన తీర్పును కోర్టు రాత తప్పులు దిద్దడానికి తప్ప మార్చకూడదని చట్టంలో ఉంది. కాబట్టి పార్లమెంటు చేస్తేనే మేలు. న్యూజిలాండ్ 2020లో మొదలుపెట్టింది, కెనడా 2024 డిసెంబరులో చట్టం చేసింది.

పరిహారం సంగతి విడిగా చెప్పాలి. 2018 ఆగస్టులో లా కమిషన్ 277వ నివేదిక ఇచ్చింది: తప్పుడు ప్రాసిక్యూషన్‌కు గురైనవాళ్లకు పరిహారం తేల్చడానికి ప్రత్యేక కోర్టులు పెట్టమని. చట్టం కాలేదు. తర్వాత క్రిమినల్ చట్టాలు మొత్తం తిరగరాశారు, అయినా అందులోకి రాలేదు. కారణం లేకుండా అరెస్టు చేయించినందుకు ఇప్పించే సొమ్ము కొత్త చట్టంలోనూ గరిష్ఠంగా 1,000 రూపాయలే. తప్పుడు గూఢచర్యం కేసులో ఇరికించిన ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ గారికి 50 లక్షలు ఇవ్వమని సుప్రీంకోర్టు చెప్పింది నిజమే, దానికి ఆయన 24 ఏళ్లు పోరాడారు. వాచ్‌మన్ పోరాడగలడా?

సూళ్లూరుపేట_కొత్త_సభ్యుడు | సోమవారం, రాత్రి 10:05

ఈ చర్చ చూసే ఇప్పుడే సభ్యుడిగా చేరాను. మా అన్న చెన్నైలో సెంట్రింగ్ పని చేసేవాడు. హత్య కేసులో సెషన్స్ కోర్టు యావజ్జీవం వేసింది. లాయరు ఫోన్ ఎత్తట్లేదు. అన్న ఏ తప్పూ చేయలేదు మేడమ్, ఆ రాత్రి వాడు నాతో వీడియో కాల్‌లో ఉన్నాడు. ఫోన్ పోలీసుల దగ్గరుంది. తీర్పు కాపీ చివర మీరు చెప్పిన లైనే ఉంది, ఆరు వస్తువులు నాశనం చేయమని. అందులో ఫోన్ కూడా ఉంది. ఏం చేయాలో తెలియడం లేదు.

ప్యారిస్_లాయర్ | సోమవారం, రాత్రి 10:12

తీర్పు వచ్చి ఎన్ని రోజులైంది?

సూళ్లూరుపేట_కొత్త_సభ్యుడు | సోమవారం, రాత్రి 10:14

52 రోజులు.

ప్యారిస్_లాయర్ | సోమవారం, రాత్రి 10:20

హైకోర్టులో అప్పీలుకు 60 రోజులు. సర్టిఫైడ్ కాపీ కోసం అప్లికేషన్ పెట్టిన రోజు నుంచి అది రెడీ అయిన రోజు వరకు ఆ లెక్కలోంచి తీసేస్తారు. ఆలస్యమైనా మన్నించమని అడగొచ్చు, కానీ ఆ దాకా పోనివ్వొద్దు. రేపు ఉదయం 10 గంటలకల్లా హైకోర్టు ఆవరణలోని లీగల్ సర్వీసెస్ కమిటీ ఆఫీసు దగ్గరికి రండి, నేనుంటాను. తీర్పు కాపీ, చార్జిషీటు, మీ ఫోన్ తెచ్చుకోండి. మీ ఫోన్‌లో ఆ కాల్ హిస్టరీ ఏదీ డిలీట్ చేయకండి, రీసెట్ చేయకండి. అప్పీలుతోపాటు ఆ ఫోన్‌ను నాశనం చేయకుండా ఆపమని పిటిషన్ వేద్దాం.

ఓఎంఆర్_నెల్లూరు | సోమవారం, రాత్రి 10:26

తమ్ముడూ, ఆ యాప్‌లో బ్యాకప్ ఆన్‌లో ఉందా లేదా ఇప్పుడే చూడు. కాల్ లాగ్‌కి తారీఖు, టైము కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచు. రేపు నేను లీవు పెట్టి వస్తాను.

వ్యాసర్‌పాడి_వాసి | సోమవారం, రాత్రి 10:40

సెంట్రల్ స్టేషన్‌లో నేను కలుస్తాను. మామ కూడా వస్తానంటున్నాడు.

సూళ్లూరుపేట_కొత్త_సభ్యుడు | సోమవారం, రాత్రి 10:43

పొద్దున మొదటి లోకల్‌కి అమ్మను తీసుకుని బయల్దేరుతున్నా అన్నా. స్క్రీన్‌షాట్లు తీశాను. ఆ రాత్రి 11:08 నుంచి 47 నిమిషాలు ఉంది.